హుసేనక్క చూసేది చెవులే

పెళ్లి ఊరేగింపు మా వీధి మలుపు తిరిగితే చాలు, బ్యాండు మోత మధ్య కూడా గుర్రం చెమట వాసన నాకు వేరుగా తగులుతుంది. వెంటనే భుజాలు దించుకుంటాను. ఈ అలవాటు హుసేనక్క నేర్పింది. నంద్యాలలో పెళ్లిళ్లకు గుర్రం తిప్పే ఆమె దగ్గర నేను కొన్నేళ్లు కళ్లెం పట్టాను. అంత అనుమానపు మనిషిని మళ్లీ చూడలేదు. బ్యాండు వాళ్లనీ నమ్మేది కాదు, పెళ్లికొడుకు స్నేహితులనీ నమ్మేది కాదు. ఆమె నమ్మింది తెల్లటి ఆడగుర్రం రాణి చెవులనే. మొదట్లో నేను ముద్దుగా పిలుస్తూ దగ్గరికి వెళ్తే రాణి వెనక్కి తగ్గేది. నాకు ఒళ్లు మండేది.

"నోరు తియ్యగుంటే సరా? భుజాలు చెవుల దాకా ఎత్తినావ్, ఊపిరి బిగబట్టినావ్. అది నీ మాట ఇంటాదనుకుంటాండావా? నిన్ను చూస్తాండాది," అంది హుసేనక్క ఒకరోజు.

ఒకసారి ఆళ్లగడ్డలో పెళ్లికి వెళ్లాం. అంతకుముందు ఒకచోట టపాకాయలకు బెదిరి రాణి పెళ్లికొడుకును కింద పడేసింది. ఇంకోసారి అలా జరిగితే మమ్మల్ని పిలిచేవాళ్లుండరు. హుసేనక్కకు ఆ గుర్రమే బతుకు. తీరా పెళ్లికొడుకు ఎక్కబోతే రాణి పక్కకు జరిగింది. గుర్రం ఒప్పుకోలేదంటే పిల్లవాడిలో ఏదో దోషం ఉందని పెద్దవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. నేనూ అతణ్ణి ఎగాదిగా చూశాను. హుసేనక్క మాత్రం అతణ్ణి చూడనే లేదు. రాణి చెవి ఒకటి వెనక్కి తిరిగి ఉంది. ఆమె ఆ చెవి తిరిగిన వైపు నడిచింది. అక్కడ పెళ్లికొడుకు స్నేహితుడొకడు నవ్వుతూ, ఏం కాదులే అక్కా, మేమున్నాం కదా అంటున్నాడు. కుడిచెయ్యి మాత్రం వీపు వెనకే ఉంచుకున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టి ముందుకు లాగింది. టపాకాయల సరం. గుర్రానికి మంచీ చెడ్డా తెలియదని, ఏదో దాస్తూ బిగుసుకున్న ఒళ్లు మాత్రం తెలుస్తుందని పెద్దవాళ్లకు చెప్పి పెళ్లికొడుకును ఎక్కించింది.

పోయిన వేసవిలో ఆమె ఆసుపత్రి పాలైంది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆశ లేదన్నాడు. నేను వార్డులోకి వచ్చి, త్వరలోనే ఇంటికి పోదామని మెత్తగా చెప్పాను. ఆమె నా ముఖం చూడలేదు. భుజాలు చూసింది.

"దించుకోప్పా," అంది. "రాణి యాడుంటాదో అది చెప్పు."

దించుకున్నాను. ఏడుపు ఆగలేదు. నా దగ్గరే ఉంటుందన్నాను. ఆమె కాసేపు నన్నే చూసి, సరేనని కళ్లు మూసుకుంది.

రాణి ఇప్పుడు మా కొట్టంలోనే ఉంది. రోజూ ఊపిరి వదిలాకే దాని దగ్గరికి వెళ్తాను. అయినా ఒక్కోనాడు చెవి వెనక్కి తిప్పుతుంది. ఆ రోజు నేనేం దాస్తున్నానో వెతుక్కుంటాను.