పిడికెడు కొసరు

నారాయణఖేడ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాకు న్యాయంగా బతకాలనే పిచ్చి పట్టుకుంది. ఎనభైల నాటి మాట. పేదల కష్టాన్ని కొనేవాళ్లే దోచుకుంటున్నారని ఎవరో సభలో చెప్తే విని, ఇంట్లో మిల్లు పప్పు మాన్పించాను. మనూర్ వైపు నుంచి ఒక ముసలామె ఇసుర్రాయితో విసిరిన కందిపప్పును వారం వారం అంగడికి తెచ్చేది. ధర ఎక్కువైనా ఆమె దగ్గరే కొనాలి, బేరమాడకూడదు, కొసరు అసలే తీసుకోకూడదు అని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

ఆమె సోలతో కొలిచి సంచిలో పోసి, పైన పిడికెడు కొసరు వేయబోయేది. నేను చెయ్యి అడ్డం పెట్టి "వద్దవ్వా" అనేదాన్ని. ఆమె నన్ను అదోలా చూసేది. కృతజ్ఞత కాబోలనుకుని ఇంటిదాకా మురిసిపోయేదాన్ని, అబద్ధమెందుకు.

నాలుగో వారం వెళ్తే ఆమె సోల ముట్టలేదు.

"నీకు అమ్మను, పో."

"ఏమైందవ్వా?"

"నీతోని నేను దొంగనైతున్న."

పక్కనున్నవాళ్లంతా తలతిప్పి చూశారు. నా మొహం మాడిపోయింది. మంచిగా ఉన్నందుకా ఈ మాట అని కోపం కూడా వచ్చింది.

ఆమె సోలతో పప్పు తీసి నా కళ్లముందు పెట్టింది. పప్పు అంచుదాకా రాలేదు.

"అంగడిల అందరం గిట్లనే కొలుస్తం. కొసరేస్తెనే సోల నిండుతది. మీ అమ్మనడుగు, చెప్తది. నువ్వేమో వద్దంటివి. నీకెట్ల చెప్పాల్నో తెల్వక మూడు వారాల సంది పరేషాన్ అయితున్న. తక్కువ కొలిచిందన్న పేరు నాకు ఇన్నేండ్లల్ల లేదు."

"మరి ముందే నిండుగ కొలవొచ్చు గదా?"

"గప్పుడు కొసరు ఏడికెల్లి ఏస్త? కొసరేయకుంటె నా తాన ఎవరు కొంటరు?"

మేలు చేస్తున్నాననుకుంటూ ఆమె నిద్ర చెడగొట్టాను. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఇంకో సంగతి తెలుసుకోవాలనిపించింది. నేను ఇస్తున్న ధర న్యాయమైనదేనా? ఇన్ని వారాల్లో ఆ మాట ఆమెను ఒక్కసారీ అడగలేదు.

"అవ్వా, నీ కష్టానికి గా ధర సాలుతుందా?"

ఆమె మూడు వారాల కొసరు లెక్కన మూడు పిడికిళ్ల పప్పు నా సంచిలో వేసింది. చేతులు దులుపుకుని, భుజం ఒత్తుకుంటూ నన్ను తేరిపార చూసింది.

"సాలది బిడ్డా. నువ్వు బేరం జేస్తే, ఎందుకు సాలదో చెప్పుకుంటుంటి. నువ్వు అడిగినంత ఇచ్చి పోతివి."