పగలగొట్టమన్న కుండ

నా చేతి ఆవకాయ ఏడాది తిరిగినా బూజు పట్టదని దిగువన మా ఊళ్ళో పేరుండేది. ఆ పేరే నా కొంప ముంచింది.

అరకుకు రైలు లేని పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట. మా ఆయన కొండపల్లెలో మిషన్ బడి పంతులు. ఏటా ఈస్టరు నాడు గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల ఆరాధనకు ఆ రసం సీసా విశాఖపట్నం నుంచి ఎద్దు మీద కొండెక్కేది. ఆ ఏడాది ఘాటీలో ఎద్దు కాలు జారి సీసా పగిలింది. మళ్ళీ ఓడ వస్తేగాని పట్నం దుకాణంలో ఇంకోటి లేదు. “ఈసారి బల్ల లేదు” అని పాదిరి దొరగారు తేల్చేశారు. దొరగారి బంగళా పందిరి నిండా ద్రాక్ష గుత్తులు వేలాడుతుంటే నాకు ఒళ్ళు మండింది. నేను చేస్తానండి అనేశాను.

సగం గుత్తులు కోసి, మామిడికాయల్లాగే మూడు నీళ్ళు కడిగాను. ఒక్కో పండునూ నిగనిగలాడేలా తుడిచాను. చిదిమి జాడీలో పోసి, మూత పెట్టి, పైన వాసెన గుడ్డ కట్టి బిగించాను. ఎనిమిదో నాడు విప్పితే పైన బూజు, కింద పులియని రసం. ఏడుపొచ్చింది.

పల్లె చివర ఒక అవ్వ ఉండేది. ఇప్పసారా కాయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. బాప్తిస్మం ఇమ్మని రెండేళ్ళుగా అడుగుతోంది. ఇప్పపువ్వు నానబెట్టే కుండ పగలగొడితేనే ఇస్తానని దొరగారి షరతు. అది మా అమ్మ కుండ, పగలగొట్టనని ఆమె పట్టు. అందుకే ఆరాధన జరిగినంతసేపూ గుడి బయట అరుగు మీదే కూర్చునేది. నేను జాడీ పారబోస్తుంటే ఆ అవ్వే చూసింది.

“ఏటి పంతులమ్మా, పళ్ళు కడిగీసినావా?”

“కడగకుండా ఎలా అవ్వా?”

“పండు మీద తెల్లటి పొడుంటాది సూడు, అదే పులియబెట్టేది. దాన్ని కడిగీసి, పైగా మూతి బిగించీసినావు. ఊపిరాడక సచ్చిపోనాది.”

నాకు చిన్నతనం అనిపించింది. అయినా మిగిలిన పళ్ళు ఆమె చేతిలోనే పెట్టాను. కడగకుండానే నలిపి తన కుండలో పోసి, విస్తళ్ళు కుట్టే అడ్డాకు వదులుగా కప్పింది. పగలగొట్టమన్న కుండ అదేనని తెలిసీ నోరు మూసుకున్నాను. మూడోనాటికి లోపల బుసబుసమని చప్పుడు. అవ్వ రోజూ చెవి ఆనించి వినేది, పైకి తేలిన తొక్కల్ని గరిటెతో ముంచేది. చప్పుడు ఆగాక వడకట్టి, మళ్ళీ ఆ కుండలోనే పోసింది. ఈస్టరు నాడు ఆ కుండను నేనే గుడిలోకి మోశాను. దొరగారు దాన్ని ఎన్నడూ చూసి ఉండలేదు.

ఆరాధన అయ్యాక ఆయన నన్ను పిలిచి, “పట్నం సీసా కంటే ఇదే బాగుందమ్మా. నీ చేతి చలవ” అన్నారు. తలొంచుకుని ఊరుకుంటే ఆవకాయ పేరుకు ఇదీ తోడయ్యేది. ఊరుకుందామనే అనుకున్నాను కూడా. గుమ్మంలోంచి అరుగు మీద అవ్వ కనిపించింది.

“నా చేయి కాదండి, ఆ అవ్వ చేయి. కుండ కూడా మీరు పగలగొట్టమన్నదే.”

మా ఆయన ముఖం పాలిపోయింది. దొరగారే అరుగు మీదికి వెళ్ళి, అవ్వను చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. “కుండ ఉండనీ. ఇకపై ఇందులో ద్రాక్షే పులియాలి” అన్నారు. అవ్వ తలూపింది. అప్పటికప్పుడే ఆమె తల మీద నీళ్ళు పడ్డాయి. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

తడి జుట్టుతోనే కుండ చంకనెత్తుకుని బయటికొచ్చింది అవ్వ.

“మా యమ్మ కుండ ముందు గుడిలోకెళ్ళినాది పంతులమ్మా” అంది. “నాను దానెనక ఎళ్ళినాను.”