రెండు చక్రాలూ చూసుకునే కాక

పోయిన వారం చంద్రపూర్‌లోని బాబుపేట్ నుంచి ఫోన్ వచ్చింది, కాక పోయాడని. కూరగాయలు దించి చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట. మాకు రక్తసంబంధం లేదు. ఆవర్‌పూర్‌లో మా పక్కింట్లో ఉంటూ, పికప్ బండిలో కూరగాయలు తోలేవాడు. పని కోసం మంచిర్యాల వైపు నుంచి మహారాష్ట్రకు వచ్చిన మా అందరికీ ఆయన కాకే.

బండి ఎక్కడ ఆపినా, చాయ్ కన్నా ముందు, ముందు చక్రం మధ్యలోని మూత మీద చేతి వెనక భాగం ఆనించేవాడు. ఆ తర్వాత అవతలి చక్రం. “బండికి జ్వరమొచ్చిందా కాకా?” అని ఏడిపించేవాళ్లం.

“ఎండకు రెండూ కాల్తయిరా. ఒక్కటే కాలిందంటే లోపల బేరింగు బాగలేదన్నట్టు,” అనేవాడు.

గ్రీజు పెట్టే రోజు ఆయన్ని ఎవరూ కదిలించలేరు. బేరింగును అరచేతిలోని గ్రీజుకు అదిమి అదిమి, అది అవతలి వైపు నుంచి పొంగేదాకా వదిలేవాడు కాదు. నట్టు గట్టిగా బిగించి, చక్రం తిప్పి, మళ్లీ కాస్త వదులు చేసేవాడు. “దానికి గూడ ఊపిరాడాలె,” అనేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నా భార్యకు నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు దొరకలేదు. నేను పరుగెత్తేసరికి కాక ఆ గ్రీజు పనిలోనే ఉన్నాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని, మూత కొట్టి, బండి తీశాడు.

చంద్రపూర్ దారిలో సగం దూరమైనా రాలేదు, తల బయట పెట్టి వాసన చూసి బండి పక్కకు ఆపేశాడు. నాకు ఒళ్లు మండింది.

“ఇప్పుడేంది కాకా? ఆమె ఎట్లున్నదో చూడు.”

చక్రం మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. అవతలి చక్రం చూసి వచ్చాడు.

“బిగిచ్చి మల్ల వదులు చెయ్యలే. తొందర్ల మర్చిన. తప్పు నాదే.”

“గట్లనే పోనియ్. దవాఖానకు పోయినంక చూసుకుందువు.”

“చక్రం పట్టేస్తె ముగ్గురం పోతం బిడ్డా,” అని, ఆమె వైపు చూసి, “నలుగురం,” అన్నాడు.

జాకీ ఎక్కిస్తుంటే ఆమె నా మణికట్టు పట్టుకుని మూలిగింది. బొగ్గు లారీలకు చెయ్యెత్తాను, ఒక్కటీ ఆగలేదు. కాక వేళ్లు కాలుతున్నా మూత ఊడదీసి, నట్టుకు అడ్డంగా ఉన్న పిన్ను లాగి, నట్టు వదులు చేసి, చక్రం తిప్పి చెవి పెట్టి విన్నాడు. మళ్లీ తిప్పాడు. ఆ రెండోసారి నేను ఆగలేక అరిచాను. ఆయన తల కూడా ఎత్తలేదు. పిన్ను పెట్టాక, “కూసో,” అన్నాడు.

ఆస్పత్రిలో స్ట్రెచర్ ఎక్కించిన కాసేపటికే కూతురు పుట్టింది. కాక వేళ్ల నిండా బొబ్బలు, గ్రీజు. అందుకే పాపను ఎత్తుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చూసి కళ్లు తుడుచుకున్నాడు.

సమాధుల తోటకు ఆయన్ని ఆయన బండిలోనే తీసుకువెళ్లాం. గేటు దగ్గర ఆపగానే, శవపెట్టె దించడానికి అందరం వెనక్కి చేరాం. పదో తరగతి చదివే నా కూతురు మాత్రం ముందుకు వెళ్లి, చక్రం మీద చేతి వెనక భాగం ఆనించింది. తర్వాత అవతలి పక్కకు నడిచింది. ఆమె తిరిగి వచ్చేదాకా పెట్టె మీద చేతులు వేసి నిలబడ్డాం. ఎవరూ తొందరపెట్టలేదు.