కాల్చనివ్వని బోదగడ్డి

నిప్పుకు పోవలసిన గడ్డిని నిలబెట్టి బేరం పెట్టిన మొదటి ఆడదాన్ని నేనే. మా గుట్ట కింది ఊళ్లలో నాకు ముందు ఆ పని ఎవరూ చెయ్యలేదు, నా తరువాతా ఎవరికీ ధైర్యం చాలలేదు. ఏటా పుష్యమాసంలో ఊరికే కాలి బూడిదయ్యే బోదగడ్డిని ఒక్క పూటలో బండ్ల లెక్కన అమ్మేశాను. కొన్నవాడు పల్లెటూరి కోడలు గదా అని నవ్వుకుంటూ వచ్చి, తల గోక్కుంటూ పోయాడు. అంత బాగా కుదిరిన బేరం నా జీవితంలో మరొకటి లేదు. అంత చెడ్డదీ లేదు.

బేరం నాకు ఉగ్గుపాలతో వచ్చింది. నేను పుట్టినప్పుడు మంత్రసాని చీర అడిగితే మా నాయనమ్మ రవికె గుడ్డకు తెంపిందట. వనపర్తిలో మాది కిరాణా దుకాణం. ఒక పక్క బట్టల దుకాణం, ఇంకో పక్క ఇత్తడి సామాను. ఆ వాడలో పిల్లలు ‘అమ్మా’ అనడం కంటే ముందు ‘ఎంత’ అనడం నేర్చేవారు. అటువంటి నన్ను నాగర్‌కర్నూలు దాటి, నల్లమల మొదలయ్యే చోట ఒక చిన్న ఊరికి ఇచ్చారు. అత్తగారింట్లో సేద్యం, ముందు వసారాలో చిన్న దుకాణం. రోజుకు పదిమంది వస్తే పండగ. పోట్లాడి సంపాదించవలసిన వస్తువు అక్కడ ఒక్కటే, నీళ్లు. ఆ నీళ్ల పెత్తనం నేను పోయేసరికే మా తోడికోడలి చేతిలో ఉంది. అక్క అని పిలిచేదాన్ని.

ఊరి బావి మాఘం దాటితే అడుగంటేది. అక్కణ్నుంచి తాగే నీళ్లన్నీ గుట్ట కింది వాగులోని చెలిమెవే. ఇసుక తోడితే ఊరే గుంట అది. కొబ్బరి చిప్పతో ముంచి బిందె నింపుకోవాలి. తొందరపడితే బురద, ఓపిక పడితే అద్దం లాంటి నీళ్లు. మా వాడ పదకొండు ఇండ్లలో ఎవరు ముందు ముంచాలో అక్క చెప్పేది. “జర ఊరనీయుండ్రి” అని ఆమె చెయ్యెత్తితే, ఎంత నోరున్న ఆడవాళ్లయినా బిందెలు దించి కూర్చునేవారు. ఇంట్లోనూ అంతే. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, స్నానం నీళ్లు బీరపాదుకు, గిన్నెలు పొడి బూడిదతో తోమి గుడ్డతో తుడవడం. గాబులో ఎన్ని బిందెలున్నాయో మూత తీయకుండా చెప్పేది.

ఆమెకు అక్షరం ముక్క రాదు. నేను మూడు తరగతులు చదివాను, ఇరవై ఎక్కాల దాకా వచ్చు. రంగులోనూ ఎత్తులోనూ నేనే మిన్న అని పెళ్లిలో అందరూ అన్నారు. అయినా అత్తమ్మ ఏది కావాలన్నా ఆమెనే పిలిచేది. ఒక మధ్యాహ్నం మా ఆయన చేను నుంచి వచ్చి, చెంబెత్తి గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

“వదిన ముంచిన నీళ్లు సల్లగుంటయే!”

“ఆ చెంబు ముంచింది నేను.”

“అట్లనా?” చెంబులోకి ఒకసారి చూశాడు. “గాబు నింపింది వదిననే గద!”

ఆ పూట ఆయన రొట్టెలోకి కారం ఎక్కువైంది. ఎట్లా అయిందో నాకు తెలియదని చెప్పాను.

గుట్టకూ మా చేనుకూ మధ్య, మా పట్టాలోనే, పొడుగాటి బీడు ఉండేది. నిలువెత్తు బోదగడ్డి, ఇండ్ల పైకప్పులకు వేసేది. పుష్యంలో పొద్దుటి మంచు ఇంకా వదలకముందే గుట్ట మీది చెంచుల గూడెం, చెంచు పెంట నుంచి ఒక ముసలాయన తన మనుషులతో దిగేవాడు. మా దుకాణానికి తేనె, సారపప్పు తెచ్చేది ఆయనే. గడ్డిని కొంచెం కొంచెంగా అంటించి, పచ్చి కొమ్మలతో పక్కలు కొడుతూ, మంటను మేకల మందను తోలినట్టు తోలేవాడు. మధ్యాహ్నానికి ఆ బీడంతా నల్లటి పట్టీ అయ్యేది. ఎండాకాలంలో కింది బండ్ల బాట పక్క నిప్పు లేస్తే, ఆ నలుపు దగ్గర తినడానికేమీ దొరక్క ఆగిపోయేది. గుట్ట మీది అడవి దక్కేది. అడవి కింద ఇంకిన వాన మా చెలిమెలో ఊరేది.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు కనిపించింది ఒకటే. మన గడ్డిని మనమే తగలబెట్టించుకుని, తగలబెట్టినవాళ్లకు జొన్నలు, ఉప్పు, పొగాకు కొలిచి ఇస్తున్నాం. ఆ కొలిచేది కూడా అక్కే.

లడాయి రోజులవి, ప్రపంచ యుద్ధం నడుస్తోంది. అన్నిటితోపాటు గడ్డి కూడా ధర పలుకుతోంది. ఆ పుష్యంలో అక్క చెల్లెలి కాన్పు కోసం అచ్చంపేట పోయింది. నెలరోజులు గాబు, దుకాణం, ఇంటి పెత్తనం నావి. వారం తిరగకముందే ముసలాయన వాకిట్లో నిలబడ్డాడు.

“పెద్దమ్మ లేదా?”

“నేనున్న గద. చెప్పు.”

“రేపు బీడు కాలుస్తం చిన్నమ్మా. మంచు మంచిగ పడుతున్నది.”

“ఈయేడు కాల్చొద్దు. గడ్డి అమ్ముతున్న. నీకిచ్చేదాంట్ల ఏం తక్కువ చెయ్య. ఉప్పు ఇంకో సోలెడు ఎక్కువిస్త.”

ఉప్పు దొరకని కాలం. ఎవరైనా చెయ్యి చాపుతారనుకున్నాను. ఆయన నవ్వాడు.

“పని చెయ్యందే ఉప్పెందుకమ్మా? మంచు పోయినంక నిప్పు మన మాట ఇనదు. పెద్దమ్మను ఒకసారి అడిగి చెప్తవా?”

ఆ ఒక్క మాట అనకపోతే బహుశా ఒప్పుకునేదాన్నే.

“ఈ ఇంట్ల ఆమె ఒక్కతే ఉన్నదా? నేను కోడల్ని కానా? వద్దంటే వద్దు.”

“నీ జాగ, నీ ఇష్టం” అని వెళ్లిపోయాడు. ఉప్పు ముట్టలేదు.

మూడోరోజు నాగర్‌కర్నూలు నుంచి గడ్డి కొనేవాణ్ని పిలిపించి బేరం తెంపాను. మా ఆయనకు చెప్పింది బయానా చేతిలో పడ్డాకే.

అక్క మాఘం సగంలో వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే బీడు వైపు చూసింది.

“ముసలాయన రాలేదా చెల్లె?”

“వచ్చిండు. నేనే వద్దన్న. గడ్డి అమ్మిన.”

ఎంతకని అడుగుతుందని జవాబు నాలిక మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆమె అడగలేదు.

“ఎప్పుడు కోస్తరు?” అంది.

శివరాత్రికి కోశారు, సగం. బండ్ల బాట వైపు అందేది కోసుకుని, గుట్ట వైపుది పదిరోజుల్లో అని చెప్పి పోయారు. బండ్లు వడ్ల బస్తాల మోతకు కుదిరాయని, గడ్డికి ఇప్పట్లో రావని కబురొచ్చింది. కోసిన చోట ఎండు దుబ్బు, రాలిన గడ్డి. దాని వెనక నిలువెత్తు గడ్డి. దాని వెనక గుట్ట. పొయ్యిలో ఎట్లా పేర్చాలో అట్లా పేర్చి పెట్టాం.

“కూలోళ్లను పెట్టి నాలుగు బారల వెడల్పు నేల దాకా చెక్కిద్దాం” అంది అక్క.

“అమ్మిన గడ్డిని తొక్కిస్తరా? బజారుల మాట పోతది” అన్నాను.

“వదిన చెప్పేది సబబే గద” అన్నాడు మా ఆయన.

“అయితే మీ వదిననే చెక్కుమనుండ్రి!”

ఆమె నిజంగానే పార తీసుకుని పోయింది. పాలేరు పెండ్లాంతో కలిసి రెండు రోజులు ఎండలో చెక్కింది. నేను వసారాలో కూర్చుని పప్పు ఏరుతూ చూశాను. ఆమె నడుము పట్టుకుని లేచినప్పుడల్లా నాకొక రకం సంతోషం కలిగింది. ఆ సంగతి కూడా రాసి పెట్టాలి. మూడోరోజు ఆమె నడుము లేవలేదు. గీత మా పశువుల కొట్టమంత పొడవు దగ్గర ఆగిపోయింది.

ఉగాది దాటిన వారానికి, అన్నాల వేళ, బండ్ల బాట నుంచి పొగ లేచింది. ఎవరి చుట్టో, ఎవరు వండుకున్న పొయ్యో ఇప్పటికీ తెలియదు. మేం పరుగెత్తేసరికి దుబ్బు అంటుకుని, గాలి గుట్ట వైపు తోసింది. వేపకొమ్మలతో కొట్టాం. నీళ్లు తెమ్మని ఎవరో అరిచారు. ఏ నీళ్లు? అక్క చెక్కిన గీత దగ్గర మంట ఒక్క నిమిషం తడబడి, పక్కనుంచి చుట్టుకుని పోయింది. గీత వెనక నాలుగు దుబ్బులు కాలకుండా నిలిచాయి. మిగతాది గుట్ట ఎక్కింది.

పైనుంచి చెంచులు దిగారు. ముసలాయన గుట్ట నెత్తిన ఎదురు మంట పెట్టించి ఆవలి వైపును కాపాడాడు. మా వైపుది దక్కలేదు. ఆయన సారచెట్లు ఎక్కువ మా వైపే ఉండేవి. నా పక్కనుంచి పోతూ “జరుగమ్మా” అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టుకు నేను బదులు చెప్పగలను.

ఇంటికి రాగానే అత్తమ్మ గడపలో నిలబడి ఉంది.

“కాల్చొద్దని ఎవరన్నరే?”

నేను నోరు తెరిచాను. ముందు అక్క గొంతు వినిపించింది.

“నేను అచ్చంపేట పోకముందే ఇద్దరం అనుకుని ఆపినం అత్తమ్మా.”

మా ఆయన నా వైపు చూసి తల దించుకున్నాడు. అత్తమ్మ ఇద్దరినీ కలిపి తిట్టింది. ఆ క్షణంలో నాకు కలిగింది కృతజ్ఞత కాదు. నీళ్లలో, దుకాణంలో, మొగుడి నోట్లో అన్నిచోట్లా నాకంటే ముందు నిలబడింది చాలక, నా తప్పులో కూడా వాటాకొచ్చిందే అనిపించింది. నా సొంతమని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో నాకున్నది ఆ తప్పొక్కటే.

మొదటి వానకు గుట్ట నుంచి సిరా లాంటి నీళ్లు దిగాయి. బూడిద, మన్ను, బొగ్గు అంతా చెలిమె మీద పేరుకుంది. తోడితే నల్లటి బురద. పక్కన తోడితే అదే. వానలు పోయాక నీళ్లు తేరాయి గానీ సంక్రాంతికే ఊట తగ్గింది. గుట్ట మీద వానను పట్టి ఉంచేది లేదు. అక్కణ్నుంచి మూడు ఎండాకాలాలు మా వాడ ఆడవాళ్లు కోసెడు దూరంలో ఉన్న పక్క ఊరి బావికి నడిచారు. అక్కడ వంతు కోసం నిలబడితే, “గుట్ట కాలబెట్టుకున్న ఊరోళ్లా? ఆఖర్న నిలబడుండ్రి” అనేవారు. నేను బేరమాడబోయాను. బేరానికి ఎదుటివాళ్లకు కావలసిందేదో మన దగ్గర ఉండాలి గదా.

మరుసటి పుష్యంలో ముసలాయన మళ్లీ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కాలిన బీడులో బోద ఇంకా దట్టంగా లేచింది. ఆయన నన్ను చూసి, “పెద్దమ్మను పిలుస్తవా?” అన్నాడు. పిలిచాను.

ఇక ఆ బేరం లెక్క. వచ్చింది: సగం గడ్డి ధర, దానితో నేను కొనుక్కున్న ఒక రాగి బిందె. పోయింది: పదకొండు ఇండ్లకు మూడు ఎండాకాలాల నడక. నాలుగో ఏట చెలిమె మళ్లీ ఊరింది గానీ మునుపటిలో సగమే. చెంచు పెంటకు సారపప్పు, మళ్లీ చెట్లు కాసేదాకా. అక్క నడుము, ఆమె పోయేదాకా. ఇందులో నేను కట్టింది నా నడక ఒక్కటే. మిగతాదంతా వేరేవాళ్లు కట్టారు.

ఒక పద్దు మిగిలింది. అత్తమ్మ ఆ తరువాత తొమ్మిదేండ్లు బతికింది. ఆ తప్పు నాదొక్కదానిదేనని చెప్పడానికి తొమ్మిదేండ్లు దొరికాయి. చెప్పలేదు. భయపడి కాదు. చెబితే ఆ ఇంట్లో అక్క ఇంకా పెద్దదవుతుందని.