జొన్న మూట మీద

గ్రీజు వాసనొస్తే ఇప్పటికీ కదలకుండ కూసుంట.

మా నాయిన వనపర్తిల మెకానిక్. ఆయన ఏ బండి కిందికి దూరినా ఎంబడే దూరేదాన్ని. ఒకసారి ఒక దొర పాత విలాయతి స్పోర్ట్స్ కారుకు ముందు స్ప్రింగులు పొట్టివి వెయ్యాల్నా, పొడుగువి వెయ్యాల్నా తేల్చాల్సొచ్చింది. దొర బరువుకు బదులని నాయిన సీట్ల జొన్న మూట పెట్టి, దాని మీద నన్ను కూసోబెట్టిండు.

"కదలకు బిడ్డా, కొలత తప్పుతది," అని కారు కిందికి పోయిండు.

నేను దిగితే స్ప్రింగు ఎగిరి, కారు నాయిన మీద పడ్తదనుకున్న. రేకుల షెడ్డు ఉడుకుతున్నది. ఒంటేలుకొస్తున్నది. "అయిందా నాయినా?" అంటే "ఇంక జర" అంటడు. సప్పుడు గాకుండ ఏడ్చిన.

ఆఖరికి నన్ను దింపి, మూట ఒక్కదానితోనే కొలిచి, గుంతల రోడ్లకు పొడుగువే ఖాయం చేసిండు. మరి నన్నెందుకు కూసోబెట్టిండో, నా బిడ్డ నడక నేర్చి, నేను పొయ్యి కాడికి పోయినా ఎంబడే వస్తుంటెగాని సమజ్ కాలే.