గరాటులో పోసిన నీళ్లు

పద్దెనిమిదేళ్లుగా నేను మోస్తున్న బరువు ఎంతో నాకు కచ్చితంగా తెలుసు. మూడువందల ఇరవై గ్రాములు. అలంకారం కోసం అంటున్న మాట కాదు. కర్నూలులోని ఒక ఆసుపత్రిలో, ఒక గురువారం మధ్యాహ్నం, మూత్రధార పరీక్ష చేసే యంత్రం గరాటులో నా చేత్తో పోసిన నీళ్ల బరువు అది. ఆ యంత్రానికి బరువు తప్ప మరేమీ తెలియదు. లోపలికి వచ్చింది మనిషి నుంచి వచ్చిందా, జగ్గు నుంచి వచ్చిందా అని అది అడగదు. అడగవలసినవాణ్ణి నేను. పోసినవాణ్ణీ నేనే.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే చెప్పగలుగుతున్నాను. నేను దుఃఖంలో మునిగి రాస్తున్నానని అనుకోవద్దు. నా జీవితం బాగానే ఉంది. ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది, రాత్రి పడుకుంటే నిద్ర పడుతుంది. నిద్ర పడుతుందన్న సంగతే ఒక్కోసారి నన్ను కలవరపెడుతుంది. ఇంత తప్పు చేసినవాడికి ఇంత హాయిగా నిద్ర పట్టవచ్చునా?

నేను మూత్రకోశ వ్యాధుల విభాగంలో టెక్నీషియన్ని. ఆ యంత్రం మాకు కొత్తగా వచ్చిన రోజులవి. ఒక గరాటు, దాని కింద గాజు పాత్ర, పాత్ర కింద బరువు పసిగట్టే పళ్లెం. రోగి గరాటులో మూత్రం పోస్తే, సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు వస్తున్నదో యంత్రం సన్నని కాగితం మీద గీత గీసి చూపుతుంది. ధార అత్యధికంగా పదిహేను దాటితే సాధారణంగా బాగున్నట్టు. పది లోపు ఉంటే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారికి అడ్డుపడుతున్నదేమో అని అనుమానించాలి. మొత్తం మూత్రం నూటయాభై మిల్లీలీటర్లకు తగ్గితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు. మళ్లీ చేయాలి.

ప్రతి సోమవారం ఉదయం యంత్రాన్ని సరిచూడటం నా పని. కొలిచిన నీళ్లు గరాటులో పోసి, యంత్రం అదే కొలత చూపుతున్నదో లేదో గమనించి, పుస్తకంలో రాయాలి. ఎంత పోశాను, ఎంత చూపింది, ఎవరు పోశారు. అలా పోస్తూ పోస్తూ నేనొక విద్య నేర్చుకున్నాను. మణికట్టును నెమ్మదిగా వంచి, క్షణం నిలిపి, తిరిగి లేపితే కాగితం మీద నిండైన గంట ఆకారం వస్తుంది. అది ఆరోగ్యవంతుడి గీత. జగ్గును కొద్దిగా వంచి అలాగే పట్టుకుంటే పొడవుగా, చదునుగా సాగుతుంది. అది అడ్డున్నవాడి గీత. ఎవరికీ పనికిరాని ఆ నేర్పు చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి.

చెన్నయ్యశెట్టిగారికి ఆదోనిలో పాత్రల అంగడి. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. పరీక్ష కోసం అంతకుముందు నెలలో రెండుసార్లు వచ్చి, లీటరు నీళ్లు తాగి, గరాటు ముందు అరగంట నిలబడి, చుక్క రాక తిరిగి వెళ్లాడు. సిగ్గు. గది తలుపు మూసి ఉన్నా బయట మనుషులున్నారని తెలిస్తే ఆయనకు రాదు. మూడోసారి భార్య లక్ష్మమ్మగారితో వచ్చాడు.

"ఏమప్పా, ఈ పొద్దన్నా నీ గరాటు నా మాట ఇంటాదా?" అని నన్ను పలకరించాడు.

వరండాలో బెంచీ మీద కూర్చుంటూ ఆమె అంది: "అంగట్లో అయితే మాటలు ఆగకుండా పారతాయి. ఈడికొస్తే చుక్క రాల్దు ఈయప్పకి."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నలభై నిమిషాల తర్వాత ఆయన తలుపు తీసుకుని, ముఖం కడుక్కున్నవాడిలా చెమటతో బయటికి వచ్చి, "సరిపోతాదా సూడప్పా" అన్నాడు. పాత్రలో నలభై మిల్లీలీటర్లు ఉన్నాయి. సరిపోదు. నేను "సరిపోతుంది శెట్టిగారూ, కూర్చోండి" అన్నాను. ఆయన వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు. నేను గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. పాత్ర ఖాళీ చేశాను. జగ్గులో నీళ్లు పట్టాను.

ఎందుకు? ఈ ప్రశ్నను పద్దెనిమిదేళ్లు తిప్పి తిప్పి చూశాను. పాపం పెద్దమనిషి, నాలుగోసారి బస్సెక్కించడం ఎందుకన్న జాలి కొంత నిజమే. కానీ ఆ నెల నా నివేదికలో 'పరీక్ష జరగలేదు' అన్న గడిలో ఒక్క పేరు కూడా లేదు; నా చేతిలో ఎవరికైనా ధార వస్తుందని మా డాక్టరుగారు నలుగురిలో మెచ్చుకుని వారం కాలేదు. జాలి ఎంత, గర్వం ఎంత? దేన్నయినా కొలవగలనని నమ్మేవాణ్ణి, ఆ పాళ్లు మాత్రం ఇప్పటికీ కొలవలేకపోయాను.

మీరు గమనించే ఉంటారు. నీళ్లు పోయాలంటే ముందు ఏ గీత గీయాలో నిర్ణయించుకోవాలి. అంటే ఆయన జబ్బు ఎంతో నేను నిర్ణయించాలి. పదమూడు వచ్చేటట్టు పోద్దామనుకున్నాను. అటూ ఇటూ కాని అంకె; డాక్టరుగారికి అనుమానం వచ్చి స్కాన్ రాస్తారు, నా మనస్సాక్షి మీద బరువుండదు. అది కూడా పిరికి లెక్కే. అయితే ప్రతి సోమవారం ఆరోగ్యవంతుడి గీతకే అలవాటుపడిన చెయ్యి తన దారిన తాను వెళ్లింది. పదిహేడు వచ్చింది. మధ్యలో జగ్గు పిడి జారబోతే పట్టు మార్చుకున్నాను. అక్కడ చిన్న నొక్కు పడింది. అది తప్ప గీత నిండుగా, అందంగా ఉంది. చింపి మళ్లీ పోయవచ్చు. అందంగా ఉందని ఉంచేశాను.

డాక్టరుగారు చూసి, ధార బాగుంది, ఆపరేషన్ అవసరం లేదు, మాత్రలు వాడి ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. ధార సన్నగా ఉన్నవారికే ఆ రోజుల్లో ఆయన, పోసిన తర్వాత మూత్రాశయంలో ఉండిపోయే మిగులు మూత్రం చూసే స్కాన్ రాసేవారు. శెట్టిగారికి రాయలేదు. ఆ కాగితం అడిగి తీసుకుని, మడతపడకుండా పట్టుకుని వెళ్లాడు శెట్టిగారు.

ఇంతవరకే అయితే తొందరలో జరిగిన తప్పని నన్ను నేను సమాధానపరచుకునేవాణ్ణి. కానీ రెండు వారాల తర్వాత ఏదో పెళ్లికి కర్నూలు వచ్చి, దంపతులిద్దరూ నా బల్ల ముందుకు వచ్చారు. శెట్టిగారు సంచిలోంచి నల్లటి అట్టలాంటిది తీసి నా ముందు పెట్టాడు.

"నీ మిషను గీసిన బొమ్మ మాడిపోయిందప్పా."

"ఏం చేశారు శెట్టిగారూ దీన్ని?"

"లామినేషన్ చేయించినా. శానా దినాలు ఉంటాదని. వాడు బొగ్గు చేసి ఇచ్చినాడు."

అది వేడి తగిలితే నల్లబడే కాగితం. నేను వివరించబోయేలోగా లక్ష్మమ్మగారు అందుకుంది: "మనవరాలికి ఫస్టుక్లాసు వచ్చిన కాయితం చేయించల్యా. ఉచ్చ పోసిన కాయితం చేయించినాడు నాయనా. అంగట్లో బిందెల పక్కన తగిలిస్తాడంట!"

"నవ్వితే నవ్వుకో. మా పక్కంగడి రామప్ప అరవైకే ఆపరేషన్ అయినాడు. నాది డెబ్బైకి దగ్గిరైనా బాగుండాదని వానికి సూపియ్యొద్దా? ఇంకోటి గీసియ్యప్పా."

నేను అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను తర్వాత. "ఇంట్లో ఎలా వస్తోంది శెట్టిగారూ?"

ఆయన భార్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఇంట్లోనా... ఏం సెప్పాలప్పా. నిలబడితే నిలబడినట్టే ఉంటాండా. శానాసేపు. అయినా నీ కాయితంలో బాగుండాది గదా? మిషనుకన్నా నాకెక్కువ తెలుస్తాదా?"

తన శరీరం చెబుతున్నదాన్ని కాదని, నా మణికట్టు చెప్పినదాన్ని ఆయన నమ్మాడు. నేను అనవలసినవి నాలుగే మాటలు: మరొకసారి పరీక్ష చేసి చూద్దాం. అంటే ఎవరికీ అనుమానం రాదు, నా తప్పు బయటపడదు, ఆయనకు మేలు జరుగుతుంది. ఇంత సులభమైన దారి ఎదురుగా ఉంటే ఎందుకు వెళ్లలేదు? ఆ క్షణంలో ఆయన ముఖంలో ఉన్న సంతోషాన్ని చెరపలేకపోయానా? లేక రెండో గీత మొదటిదాన్ని అబద్ధమని తేల్చేస్తుందని భయపడ్డానా? యంత్రం జ్ఞాపకంలో పాత గీత ఉంది. బొత్తాం నొక్కాను. కాగితం సర్రున బయటికి వచ్చింది. "వేడి తగలనియ్యకండి" అని మాత్రం చెప్పాను. మొదటిది తొందరలో చేశాను. ఇది తీరిగ్గా చేశాను. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

నాలుగు నెలలకు శెట్టిగారు మంత్రాలయం వెళ్లి వస్తూ బస్సులో మూత్రం ఆగిపోయి విలవిలలాడిపోయాడు. ఆదోనిలో గొట్టం వేసి మా దగ్గరికి పంపారు. సంచిలోకి లీటరుకు పైగా వచ్చింది. ఒక్కరోజులో ముదిరిన వ్యవహారం కాదది. నెలల తరబడి మిగిలిపోయిన మూత్రం వెనక్కి తన్ని రెండు మూత్రపిండాలనూ ఉబ్బించింది. మామూలుగా ఒకటి దగ్గర ఉండవలసిన క్రియాటినిన్ రక్తంలో నాలుగు దాటింది. అది దిగడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత ఆపరేషన్ చేసి అడ్డు తొలగించారు. ధార చక్కగా వచ్చింది. క్రియాటినిన్ మాత్రం రెండుకు కొంచెం దిగువన ఆగిపోయింది. పూర్తిగా మామూలుకు రాలేదు. ఉప్పు తగ్గించమన్నారు, ఊరగాయ మానమన్నారు. పొద్దున తినే బొరుగుల ఉగ్గానిలోకి కూడా ఊరగాయ నంజుకునే మనిషి, ఆ తర్వాత పద్నాలుగేళ్లు దాన్ని ముట్టలేదు. ఆ గురువారం 'పరీక్ష జరగలేదు' అని రాసి ఉంటే? ఏమీ మారేది కాదేమో. మారేదేమో. ఆ 'ఏమో'లో సగం నాది.

డాక్టరుగారు తననే నిందించుకున్నారు. "ఒక్క గీతను నమ్మకూడదయ్యా" అని నాతోనే అన్నారు. ఆ నెల నుంచి మా విభాగంలో పద్ధతి మారింది. ప్రతి రోగికీ రెండుసార్లు ధార పరీక్ష, ప్రతిసారీ మిగులు మూత్రం స్కాన్. మరుసటి ఏడాది కడపలో జరిగిన వైద్యుల సమావేశంలో ఆయన ఈ కేసు గురించి మాట్లాడారు. తెర మీద బొమ్మలు మార్చవలసినవాణ్ణి నేనే. నా గీత గోడంత పెద్దదై వెలిగింది.

"ఈ ఆరంభం చూడండి, ఎంత బలంగా ఉందో" అన్నారు డాక్టరుగారు. "అడ్డును జయించడానికి మూత్రాశయం కండరం ఎంత శ్రమిస్తున్నదో దీన్నిబట్టి తెలుస్తుంది. ధార బాగున్నంత మాత్రాన అడ్డు లేదని కాదు."

చెప్పిన విషయం నిజమే. అలాంటి రోగులు ఉంటారు. ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి, మధ్యలో ఆ నొక్కు ఏమిటని అడిగారు. డాక్టరుగారు కొంచెం ఆలోచించి, రోగి బాగా సిగ్గరి, క్షణం బిగబట్టి ఉంటాడు అన్నారు. అందరూ నవ్వారు. నేను తర్వాతి బొమ్మకు మార్చాను.

ఆ రోజు తర్వాత నేను గరాటు గదిని మార్చాను. వరండాలో బెంచీని దూరంగా వేయించాను. గదిలో చిన్న రేడియో పెట్టాను, సన్నగా కారేలా కుళాయి విప్పి ఉంచేవాణ్ణి. సిగ్గరులు చాలామంది సులభంగానే ముగించుకుని వెళ్తున్నారు. రానివారికి 'జరగలేదు' అని రాస్తాను. ఆ గడి ఇప్పుడు ఏ నెలా ఖాళీగా ఉండదు. రెండు గీతల పద్ధతి వల్ల ఎందరిలోనో అడ్డు ముందుగానే బయటపడింది. నా తప్పుకు అది జమ అని చెప్పుకోను. కానీ అబద్ధం ఆడను: ఆ గదిని చూస్తే నాకు తృప్తిగా ఉంటుంది.

శెట్టిగారు ఏటా పరీక్షకు వచ్చేవాడు. ఒకసారి తన అంగడి నుంచి కొలతగీతలున్న స్టీలు జగ్గు తెచ్చి ఇచ్చాడు, మా ప్లాస్టిక్‌ది చూసి నచ్చక. వచ్చినప్పుడల్లా వరండాలోని కొత్తవాళ్లకు నన్ను చూపి, "భయపడొద్దండప్పా, ఈయప్ప చేతి చలవతోనే నేను తిరుగుతాండా" అనేవాడు. ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను. ప్రతిసారీ ఆయన హాయిగా నవ్వుతూ ఉండేవాడు. ఎనభై రెండో ఏట, మధ్యాహ్నం భోంచేసి పడుకుని, లేవలేదు. మూత్రపిండాల వల్ల కాదని ఆదోని డాక్టరు చెప్పారట. ఆ మాట విని నేను ఊరట పడ్డాను. ఊరట పడినందుకు సిగ్గుపడ్డాను.

ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు. లక్ష్మమ్మగారికి చెప్పి ఆమె జ్ఞాపకాల్లోని ఆ నవ్వును పాడుచేసే హక్కు నాకుందా? లేదని అనుకుంటున్నాను. అది కూడా నాకు అనుకూలమైన నిర్ణయమే అని తెలుసు. డాక్టరుగారు ఉద్యోగ విరమణ చేశారు. ఆయనకు ఇది రాసి ఉంచాను, ఇంకా పంపలేదు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ అధికారం మీకు లేదు, నేనూ అడగడం లేదు.

ఇవాళ సోమవారం. స్టీలు జగ్గుతో నీళ్లు పోసి యంత్రాన్ని సరిచూశాను, పుస్తకంలో రాశాను. పాత పుస్తకాలన్నీ అలమరలో ఉన్నాయి; ప్రతి పోతా వరుస తప్పకుండా ఉంది, ఒక్కటి తప్ప. దాన్ని ఇక్కడ రాస్తున్నాను. గురువారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. రోగి నుంచి వచ్చింది, నలభై. గరాటులో పోసిన నీళ్లు, మూడువందల ఇరవై. పోసింది నేను.