ఇప్పుడు వాన సంగతి మాత్రమే

పోయిన వారం తళి బస్టాండు టీకొట్టులో కూర్చున్నాను. టీవీలో ట్యునీషియా వార్త వచ్చింది. అక్కడ పాలకుణ్ణి విమర్శించినవాళ్ళను జైల్లో పెట్టారట. గులాబీ కట్టలు బస్సుకెక్కించి వచ్చిన ఒక పెద్దరైతు నా పక్కన కూర్చుని, "ఓటుతో యాడన్నా కడుపు నిండుతుందాప్పా? ఒకడు బెత్తం పట్టుకుంటే అన్నీ సక్కగైతాయి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ దేశం ఎక్కడుందో ఆయనకు తెలియదు. మా బావ పుణ్యమా అని నాకది పక్కూరు జవళగిరి అంత దగ్గర.

బావ, అంటే మా అక్క భర్త, హోసూరులో ఫిట్టరు. ట్యునీషియాలో నియంత పారిపోయి, జనం మొదటిసారి నిజమైన ఓటు వేసిన రోజుల్లో అక్కడి ఎరువుల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళాడు. ఆయనతో పనిచేసే అక్కడి వెల్డరు ఒకాయన ఓటు సిరా నలుగురికీ కనబడాలని తన గ్లవుజుకు ఆ ఒక్క వేలి తొడుగు కత్తిరించేశాడట. వేలు కాలి బొబ్బలెక్కినా కప్పుకోలేదట! ఓటు వచ్చింది గానీ పని రాలేదు. డిగ్రీ చదివిన వెల్డరు కూతురు, ఆమెలాంటివాళ్ళు పని ఇమ్మని రైలు పట్టాల మీద కూర్చున్నారు. ఎరువు చేసే ముడిరాయిని ఫ్యాక్టరీకి తెచ్చే రైలు ఆ దారినే రావాలి. అది ఆగితే బావ కొలువూ ఆగుతుంది. తెలిసీ, రోజూ షిఫ్టు దిగి వాళ్ళకు క్యాన్లతో నీళ్ళు మోశాడు. ఫ్యాక్టరీ ఆగింది, బావ ఇంటికొచ్చాడు.

"నీ కూడు ఆపినోళ్ళకి నువ్వే నీళ్ళు మోసినావా? తలకాయుందాప్పా నీకు?" అని అక్క గొంతెత్తింది.

"వాళ్ళు ఆపినారని ఎవురు చెప్పినారమ్మా నీకు? పని ఇయ్యనోళ్ళు ఆపినారు" అన్నాడు బావ, బూట్లు విప్పుతూ. ప్రజాస్వామ్యం కోసం వేదికలెక్కి నేను చేసిన వాదాలన్నీ ఆ ఒక్క మాట ముందు వెలవెలబోయాయి.

ఆ తర్వాత వెల్డరు ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు. వచ్చీరాని ఇంగ్లీషులో మంత్రులను పేరుపేరునా తిట్టిపోసేవాడు. "ఆయప్ప గొంతుకి ఫోనెందుకు, ఉత్తగానే ఈడికి వినపడుతుంది" అని అక్క వంటింట్లోంచి అనేది. మేము నవ్వేవాళ్ళం. ఆకలి పుట్టించిన కోపాన్ని భయం లేకుండా అరిచి చెప్పుకోవడం ఎంత పెద్ద భాగ్యమో అప్పుడు మాకు తట్టలేదు.

టీకొట్టు నుంచి నేరుగా బావ దగ్గరికి పోయాను. ఇప్పుడాయన గులాబీల గ్రీన్‌హౌసులో డ్రిప్పు పైపులు బాగుచేస్తాడు.

"వెల్డరు ఏమంటున్నాడు బావా?"

"ఆడ వాన బాగా పడిందంట."

"కూతురికి పని దొరికిందా?"

"అడిగినాను. మళ్ళీ వాన పడిందనే చెప్పినాడు."

ఓటు కడుపు నింపలేదనే పెద్దమనుషులారా, బెత్తం నింపిందా? ఆ పిల్ల ఆకలిని సాకుగా చూపి అక్కడ ఒకడు బెత్తం పట్టాడు, ఆమెకు పని ఇవ్వకపోగా ఆమె తండ్రి నోరూ నొక్కాడు. ఆకలి ఎక్కడిదక్కడే ఉంది, దాన్ని చెప్పుకునే గొంతు మాత్రం పోయింది. మంత్రులను తిట్టే ఆ మనిషి ఏ ఆదివారం నుంచి వాన గురించే మాట్లాడడం మొదలుపెట్టాడని బావను అడిగాను. పైపు పక్కన పెట్టి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి చూశాడు. ఆయనకూ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు. ఆదివారాలు అలాగే గడిచిపోయాయి.